బైబిలు కళాశాల కంటే ముందు బైబిలు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అబ్బాయి కడపలో బి.కాం. రెండో సంవత్సరం చదువుతున్నాడు. దాన్ని ఆపేసి బైబిలు కళాశాలలో చేరతానని పట్టుబడుతున్నాడు. కూటాల్లో విన్న వాక్యాలు చాలా వాడికి నోటికి వచ్చు, కాని ఒక్క పుస్తకమైనా మొదటి నుంచి చివరిదాకా తానుగా చదివినట్లు లేదు. మేము వద్దనడం లేదు. ఈ చదువు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పట్టాకు విలువ ఉంటుంది? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. అబ్బాయి బి.కాం. ఆపకూడదు. నేనిలా అనేది అతని కోరికను వాయిదా వేయించడానికి కాదు. అతను కోరుకునే దారిలోనే డిగ్రీ అవసరం పడుతుంది, ఆ వివరం తరువాత చెబుతాను. మిగిలిన ఏడాదిన్నర కాలాన్ని కళాశాల చెప్పకముందే తానుగా గ్రంథం చదవడానికి వాడుకుంటే, ఈ చదువు తనకు సరిపడుతుందో లేదో అతనికే తెలిసివస్తుంది.

మీ ఉత్తరంలో అసలు విషయం, అతనికి వాక్యాలు నోటికి వచ్చుగాని పుస్తకాలు తెలియవన్న మాట. లండన్ మిషనరీ సొసైటీ కాలం నుంచి సంఘాలున్న కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతాల్లో గ్రంథాన్ని చదివినవారికంటే విని నేర్చుకున్నవారే ఎక్కువ కాబట్టి ఇదేమీ తక్కువ విద్య కాదు. కాని విడి వచనం ఒక్కటే పట్టుకుంటే అది ఎవరితో, ఏ సందర్భంలో చెప్పిన మాటో తప్పిపోతుంది. కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డుల మీద, గోడ క్యాలెండర్ల మీద తరచుగా కనిపించే యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనాన్నే తీసుకోండి, మీ విషయంలో నావి మేలు చేసే ఉద్దేశాలే గాని హాని చేసేవి కావని దేవుడు చెప్పే వాగ్దానం అది. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవారికి ప్రవక్త పంపిన ఉత్తరంలోని మాట. దానికి ముందటి వచనంలోనే డెబ్బై సంవత్సరాల గడువు ఉంది. ఇంకా పైన, ఇళ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి అన్న ఆదేశం ఉంది. త్వరలోనే తిరిగి వెళ్లిపోతామని ఎదురుచూస్తున్నవారికి చెప్పిన మాట అది. అధ్యాయమంతా చదివినవాడికి ఆ వాగ్దానం మరింత బరువుగా వినిపిస్తుందే తప్ప చిన్నబోదు. పైగా అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలోను, కొత్త నిబంధనకు నేటి వచనాల అంకెలు 1551లోను వచ్చాయి. మూల రచయితలు వాటిని పెట్టలేదు గనుక అంకె దగ్గర ఆగిపోవలసిన పని లేదు.

మొదలుపెట్టవలసింది ఆదికాండము నుంచి కాదు. ఆ వరుసలో పోయినవారు చాలామంది నిర్గమకాండము సగంలోనో లేవీయకాండములోనో ఆగిపోతారు. పదహారు అధ్యాయాలతో నాలుగు సువార్తల్లోకీ చిన్నదైన మార్కుతో మొదలుపెట్టమనండి. నాలుగింటిలోను ఇదే ముందుగా రాసినదని చాలామంది పండితుల అభిప్రాయం. మొదటిసారి నోట్సు లేకుండా, వీలైతే ఒకే బైఠకులో చదవాలి. రెండోసారి ఒక్కొక్క సంఘటన దగ్గర ఆగి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, అంతకుముందు ఏం జరిగింది, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది అని రాసుకోవాలి.

ఒక ఉదాహరణ చూపిస్తాను. ఐదో అధ్యాయంలో సమాజమందిరపు అధికారి యాయీరు, చావుబతుకుల్లో ఉన్న తన కుమార్తె కోసం యేసు పాదాల మీద పడతాడు. యేసు అతని వెంట వెళ్తుండగా, వైద్యులకు ఉన్నదంతా పెట్టి కూడా నయం కాని ఒక స్త్రీ గుంపులో నుంచి వచ్చి ఆయన వస్త్రాన్ని ముడుతుంది. యేసు ఆగి ఆమెతో మాట్లాడుతుండగానే అక్కడ బాలిక చనిపోయిందన్న కబురు వస్తుంది. స్త్రీ వ్యాధి పన్నెండేళ్లది, బాలిక వయసూ పన్నెండేళ్లే. పేరూ హోదా ఉన్న తండ్రి, పేరైనా చెప్పని స్త్రీ, ఇద్దరూ ఆయన ముందు సాగిలపడతారు. ఆ స్త్రీని ఆయన కుమారీ అని పిలుస్తాడు. ఇన్ని సంగతులూ ఎవరి వ్యాఖ్యానమూ లేకుండానే కంటికి కనిపిస్తాయి. తరువాత ఇదే సంఘటనను మత్తయి తొమ్మిదో అధ్యాయంలో చదివితే, మార్కు ఇరవై మూడు వచనాల్లో చెప్పినది అక్కడ తొమ్మిది వచనాల్లో ముగుస్తుంది, తండ్రి వచ్చేసరికే బాలిక చనిపోయి ఉంటుంది. ఎందుకు తేడా అన్న ప్రశ్న అతనికి తానుగా పుట్టాలి. ఆ ప్రశ్నకు భయపడి పుస్తకం మూసేసేవాడికి వేదాంత కళాశాల మొదటి ఏడాదే కష్టమవుతుంది, ఆసక్తిగా ముందుకు వంగేవాడికి అక్కడే చదువు మొదలవుతుంది.

మార్కు తరువాత లూకా, అపొస్తలుల కార్యములు వరుసగా చదవాలి. అవి ఒకే రచయితవని, రెండూ థెయొఫిలా అనే వ్యక్తికే అంకితమని వాటి మొదటి వాక్యాలే చెబుతాయి. పౌలు పత్రికలు, అంటే ఆయన రాసిన ఉత్తరాలు, ఆ తరువాతే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, మీరు రాసిన సంగతుల గురించి అంటూ ఆయన జవాబు మొదలుపెడతాడు. వారు రాసిన ఉత్తరం మనకు దొరకలేదు. పైన మీ ప్రశ్న లేకుండా నా ఈ జవాబు ఒక్కటే చదివినవారి పరిస్థితి ఎలా ఉంటుందో పత్రికలు చదివేవారి పరిస్థితీ అదే. పాత నిబంధనలో ఆదికాండము, నిర్గమకాండము మొదటి ఇరవై అధ్యాయాలు, కొన్ని కీర్తనలు, ఆమోసు ఈ దశకు చాలు. ఇంట్లో ఉన్న పాత తెలుగు అనువాదాన్నే ఆధారంగా పెట్టుకొని, వాడుక భాషలో వచ్చిన మరొక అనువాదాన్ని పక్కన ఉంచుకోవడం మేలు. యూట్యూబు ప్రసంగాలు మాత్రం పుస్తకం రెండుసార్లు చదివిన తరువాతే వినాలి.

ఇక పట్టాల సంగతి. ప్రొటెస్టెంటు వేదాంత విద్యలో మన దేశంలో ఎక్కువ గుర్తింపు ఉన్నది సెనేట్ ఆఫ్ సెరంపూర్ కాలేజ్ ఇచ్చే పట్టాలకు. అప్పట్లో డెన్మార్కు పాలనలో ఉన్న, బెంగాలులోని సెరంపూరులో 1818లో ప్రారంభమైన ఆ కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన చార్టరు (అధికార పత్రం) ద్వారా పట్టాలిచ్చే అధికారం వచ్చింది. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ దీనికి అనుబంధ సంస్థ. డిగ్రీ పూర్తిచేసినవారికి బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, వేదాంత పట్టా) నాలుగేళ్ల చదువు. హెబ్రీ, గ్రీకు భాషలు, సంఘ చరిత్ర, ఇతర మతాల పరిచయం, కౌన్సెలింగ్ అందులో భాగం. సంఘ కాపరి కావాలంటే పట్టా ఒక్కటే చాలదు, సంఘం సిఫార్సు కావాలి. మీరు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారైతే కడపలోనే ఉన్న రాయలసీమ డయాసిస్ (బిషప్ పరిధి) కార్యాలయంలో అభ్యర్థుల ఎంపిక ఎలా జరుగుతుందో విచారించండి. కథోలికులైతే దారి వేరు, విచారణ గురువుల (మీ చర్చి ఫాదర్) ద్వారా మేత్రాసనాన్ని, అంటే బిషప్ కార్యాలయాన్ని, సంప్రదించాలి. కాపరి గాని గురువు గాని కాకుండా చదువు మాత్రమే కావాలనుకుంటే, ఉద్యోగం చేసుకుంటూ ఇంటి నుంచే రాయగల క్రిస్టియన్ స్టడీస్ కోర్సులు సెరంపూర్ పరిధిలో ఉన్నాయి. మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రైస్తవ అధ్యయనాల శాఖ ఉంది.

జీతం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. చాలా సంఘాల్లో కాపరి జీతం అదే వయసున్న బి.కాం. పట్టభద్రుడి జీతంతో పోల్చదగినది కాదు, బదిలీలు కూడా ఉంటాయి. బోధన, అనువాదం, ఆసుపత్రుల్లో చాప్లెన్ (రోగులకు ప్రార్థన, ఆదరణ అందించే కాపరి) పని, సేవా సంస్థల్లో ఉద్యోగం వంటి అవకాశాలు ఉన్నాయిగాని అవి కొద్దిమందికే దొరుకుతాయి. ఆరు నెలల్లో డిగ్రీ, ఏడాదిలో డాక్టరేటు అని కరపత్రాలు వేసే చోట్ల డబ్బు కట్టకండి. ఏ కళాశాలలోనైనా ఫీజు కట్టేముందు, పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది, ఆ అనుబంధం ఈ సంవత్సరం అమల్లో ఉందా అన్నది రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.