థీమ్ పార్కులో పార్కింగ్ ఫీజు తప్పించుకోవడం తప్పా?

టికెట్లకే అంత ఖర్చు పెట్టాక, బండి పెట్టుకోవడానికి మళ్లీ డబ్బులా అనిపించడం సహజం. అయితే ఫీజు పడకుండా చూసుకోవడం వేరు, ఎగ్గొట్టడం వేరు. బస్సులో వెళ్లినా, ఎవరితోనైనా గేటు దగ్గర దింపించుకున్నా తప్పేమీ లేదు. వాడుకోని స్థలానికి డబ్బెందుకు కట్టాలి?

అబద్ధం చెప్పినప్పుడే అది తప్పవుతుంది. ఉదాహరణకు ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో, డిస్నీ సొంత హోటళ్లలో దిగినవాళ్లకు పార్కుల దగ్గర పార్కింగ్ ఉచితం. దిగకుండానే దిగామని చెప్పి లోపలికి వెళితే, మిగిలేది ఎంత చిన్న మొత్తమైనా అది మోసమే. "అంత పెద్ద కంపెనీకి ఇదో లెక్కా?" అని చాలామంది అంటారు. కానీ ఆ అబద్ధం వినేది గేటు దగ్గర ఎండలో నిలబడ్డ ఉద్యోగి. వెనక సీట్లో ఉన్న పిల్లలు కూడా వింటుంటారు.

నన్ను ఇంకా బాధపెట్టేది, పక్కనున్న షాపు స్థలంలోనో, ఎవరి ఇంటి ముందో రోజంతా బండి వదిలేసి పోవడం. ఏ సంబంధమూ లేనివాళ్లు ఇబ్బంది పడతారు.

పార్కింగ్ స్థలం ఊరికే రాదు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ పాత పార్కింగ్ స్థలంలోనే 2001లో రెండో థీమ్ పార్కు తెరిచారు, ఆ నేలకు అంత విలువ. కాకపోతే ఫీజు సంగతి ముందే చెప్పకుండా గేటు దగ్గర బయటపెడితే అది పార్కు తప్పే. అప్పుడు గట్టిగా నిలదీసి అడగండి.