నిజాంసాగర్ కాలువ కిందికి వలస వచ్చిన కుటుంబాల కథలను ఎలా సరిచూసుకోవాలి?

మీ తాతగారు కృష్ణా జిల్లా నుంచి బోధన్ వైపు వచ్చి, అడవి కొట్టించి పొలం చేశారని ఇంట్లో చెబుతారనీ, అందులో ఎంత నిజముందో తెలుసుకునే మార్గం ఏమిటనీ అడిగారు. మాది కూడా వర్ని ప్రాంతానికి అలా వచ్చిన కుటుంబమే కనుక, మా ఇంటి కథను నేను సరిచూసుకున్న తీరును చెబుతాను.

మంజీరా నది మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీటి మీద ఆశతో కోస్తా రైతులు రావడం ఆ తరువాతే ఊపందుకుంది. అందువల్ల అంతకు చాలా ముందే వచ్చామని మీ ఇంట్లో ఎవరైనా అంటే, ఆ మాటను కాస్త ఆగి పరిశీలించండి.

ఎనిమిదేళ్ల వయసులో ఈ ప్రాంతానికి వచ్చిన మా నాయనమ్మకు సంవత్సరం గుర్తు లేదు. కానీ సికింద్రాబాదులో పెద్ద బండి దిగి చిన్న బండి ఎక్కామనీ, సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకే భూమి కాగితం రాయించారనీ, ఏడు హాలీ (నిజాం) రూపాయలు ఆరు కల్దారు (బ్రిటిషు) రూపాయలకు సమానమనీ ఆవిడ ఎప్పుడు అడిగినా తడబడకుండా చెప్పేది. బెజవాడ నుంచి సికింద్రాబాదు వరకు బ్రాడ్‌గేజి, అక్కడి నుంచి నిజామాబాదు వైపు మీటర్‌గేజి ఉండేవి కనుక బండి మారిన మాట నిజం. నిజాం నాణేనికీ బ్రిటిషు నాణేనికీ మధ్య మారకం కూడా ఆవిడ చెప్పినట్టే ఉండేది.

సంవత్సరాన్ని తేల్చింది పెట్టెలో దొరికిన ఉర్దూ కాగితం. అందులో 1344 ఫస్లీ, ఇస్ఫందార్ నెలాఖరు అని ఉన్నట్టు ఉర్దూ చదవగలిగిన ఒక పెద్దాయన చెప్పారు. ఫస్లీ అంటే నిజాం ప్రభుత్వ కాగితాల్లో వాడిన సంవత్సర లెక్క. హైదరాబాదు ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజర్ నెలతో మొదలయ్యేది కనుక ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే మొదటి మూడు నెలలకు 590, ఆ తరువాతి నెలలకు 591 కలపాలి. ఇస్ఫందార్ దాదాపు జనవరి నెలకు వచ్చేది. అంటే అది 1935 జనవరి చివరో, ఫిబ్రవరి మొదలో రాసిన కాగితం. ఆ లెక్క వేసిన రోజున నాయనమ్మ చెప్పిన సంక్రాంతి నాకు మళ్లీ వినిపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మా బాబాయి అదే పెట్టెలోని చార్మినారు రూపాయి మీద 1343 చూసి, దానిని ఫస్లీగా లెక్కగట్టి, మనవాళ్లు 1933లోనే వచ్చారని చాలాకాలం వాదించారు. నిజాం నాణేల మీద వేసింది హిజ్రీ, అంటే ముస్లిం చాంద్రమాన సంవత్సరం. ఆ రూపాయి 1924-25 నాటిది. పైగా నాణెం ఎప్పుడు ముద్రించారో తెలిసినంత మాత్రాన అది మన చేతికి ఎప్పుడు వచ్చిందో తెలియదు.

విస్తీర్ణం విషయంలో మాత్రం మా ఇంటి మాట నిలబడలేదు. నలభై ఎకరాలు కొట్టించామని చెప్పుకునేవాళ్లం. ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో చూపే 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయిస్తే మా ముత్తాతగారి పేర పదిహేడు ఎకరాల చిల్లర కనిపించింది. పక్క సర్వే నంబర్లలో ఆయన బావమరుదుల పేర్లు ఉన్నాయి. అందరూ కలిసి కొట్టించిన భూమి మా ఇంటి కథలో కాలక్రమంలో ఒక్కరి పేరు మీదికి చేరిందని నేను అనుకుంటున్నాను. మీరు కూడా తల్లి వైపు బంధువుల పేర్లను ముందే రాసుకుని వెళ్లండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది పొలమే. పడమటి మడిలో లోతుగా దున్నినప్పుడు కాలిన ఎర్రమట్టి పెళ్లలు, బొగ్గు పైకి వస్తాయి. బోధన్‌లో చక్కెర కర్మాగారం రాకముందు మావాళ్లు అక్కడే బెల్లం వండేవారని నాయనమ్మ చెప్పిన చోటు అదే. అయితే దానికి కొంచెం ఎగువన, మావాళ్లు ఎన్నడూ ప్రస్తావించని దిబ్బ ఒకటి ఉంది. అక్కడ కుండపెంకులు, అరిగిపోయిన తిరగలి రాయి, పూడిపోయిన బావి వరస రాళ్లు, వేపచెట్టు కింద పోచమ్మ గద్దె ఉన్నాయి. పక్క ఊరి రైతులు ఆ చోటును ఇప్పటికీ పాత ఊరనే పిలుస్తారు. మనుషులే లేని అడవి అని మేము చెప్పుకున్న చోట మాకంటే ముందు ఒక ఊరు ఉండేది. వాళ్లెందుకు వెళ్లిపోయారో మా ఇంటి కథలో ఒక్క మాట కూడా లేదు. కనుక మీ ఇంటి పెద్దలతో పాటు ఆ చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న వారిని కూడా అడగండి.

యంత్రాలతో మళ్లను చదును చేయించే పని వేసవిలోనే జరుగుతుంది. దిబ్బలు, పొయ్యిల ఆనవాళ్లు ఒక్క రోజులో పోతాయి. ఫోటోలు, సర్వే నంబర్లు, పెద్దల మాటల రికార్డింగులు అంతకు ముందే సిద్ధం చేసుకోండి.