తరణి: అబ్బాయి పేరా, అమ్మాయి పేరా?

సందేహం: మాది గుంటూరు, అత్తవారిది విజయవాడ. వచ్చే నెల మాకు బిడ్డ పుట్టబోతోంది. పాపైనా బాబైనా సరిపోయేలా, మా వాళ్ళలో ఎవరికీ లేని పేరు కావాలని ‘తరణి’ అనుకున్నాం. ఇకారంతో ముగిసే పేరు మగపిల్లాడికి నప్పదని మా అత్తగారు అంటున్నారు. ‘ధరణి’నే తప్పుగా రాశామేమోనని మావారి అనుమానం. ఇంగ్లీషులో టీ పక్కన హెచ్ ఉండాలా వద్దా అన్నది ఇంకో గొడవ. న్యూమరాలజీ చూసే బంధువొకరు చివర రెండు ఈలు పెట్టమంటున్నారు. అందరూ తలో మాటా చెప్పేసరికి టెన్షన్‌గా ఉంది. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: తరణి తప్పు రూపం కాదు, నిక్షేపంలాంటి మాట. అమరకోశంలో ఇది రెండుచోట్ల కనిపిస్తుంది. సూర్యుడి పేర్ల వరసలో ‘ద్యుమణిస్తరణిర్మిత్రః’ అన్నచోట పుంలింగం. నీటికి సంబంధించిన మాటల దగ్గర ‘స్త్రియాం నౌస్తరణిస్తరిః’ అన్నచోట పడవ అని అర్థం, అక్కడ స్త్రీలింగం. రెండింటికీ మూలం దాటడం అనే అర్థమున్న ‘తౄ’ ధాతువు. మనం రోజూ అనే ‘తరించు’ కూడా అక్కడి నుంచి వచ్చిందే. బాబు పుడితే సూర్యుడు, పాప పుడితే పడవ. ఒకే మాట రెండు లింగాల్లోనూ ఇంత చక్కటి అర్థాలతో దొరకడం అరుదు. మీ ఎంపిక నాకు చాలా నచ్చింది.

ఇక మీ అత్తగారి అభ్యంతరం. గౌరి, పార్వతి, రేవతి లాంటి పేర్లు విని విని ఆవిడకు అలా అనిపించి ఉంటుంది. అవి సంస్కృతంలో గౌరీ, పార్వతీ, రేవతీ. తెలుగులోకి వచ్చేటప్పుడు చివరి దీర్ఘం పోయింది. కానీ రవి, హరి మాటేమిటి? అవీ ఇకారంతో ముగిసేవే, నిస్సందేహంగా మగవాళ్ళ పేర్లే. అకారంతో ముగిసే పుంలింగ పదానికి తెలుగు ‘డు’ చేర్చి రాముడు, కృష్ణుడు అంటుంది. ఉకారంతో ముగిస్తే ‘వు’ చేర్చి విష్ణువు, భానువు అంటుంది. ఇకారాంతాలకు మాత్రం ఏమీ చేర్చదు. హరి హరిగానే ఉంటాడు. అటు ఆడవాళ్ళ పేర్లలో ఈకారం పొట్టిదై ఇకారమైంది, ఇటు మగవాళ్ళ పేర్లకు ప్రత్యయం లేదు. అంటే పేరు చూసి ఆడా మగా చెప్పలేని చోటు తెలుగులో ఏదైనా ఉంటే అది ఈ ఇకారమే. మణి, శశి అన్న పేర్లు ఇద్దరికీ చెల్లుతున్నది అందుకే. ఇద్దరికీ నప్పే పేరు వెతికేవాళ్ళు ముందు చూడాల్సింది ఇక్కడేనని నా అభిప్రాయం.

అకారాంతాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి, కానీ ఆ ‘డు’ వదిలేస్తేనే. ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేశాడని స్థలపురాణం చెప్పే అర్జునుడికి విజయుడని పేరు. సంస్కృతంలోని ‘విజయా’ తెలుగులో విజయ అయింది. విజయుడిలో ‘డు’ తీసేస్తే ఇద్దరూ విజయలే. అసలు మన ప్రాంతంలో పేరు మొదలు ఆడామగా అందరిదీ, తోక మాత్రమే వేరు. కోటప్పకొండ స్వామి పేరున కోటయ్య, కోటమ్మ. కనకదుర్గమ్మ పేరున దుర్గ, దుర్గారావు. గుంటూరు దర్గాలోని మస్తాన్ వలీ పేరున మస్తాన్‌రావు, మస్తానమ్మ. అయ్య, అమ్మ, రావు అన్న తోకలు ఇప్పటి తల్లిదండ్రులు పెట్టడం లేదు కాబట్టి మీకొచ్చిన ప్రశ్న ఇంకా చాలామందికి వస్తుంది.

మాట్లాడేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. తరణి వచ్చాడు, తరణి వచ్చింది. ఆ పని క్రియ చూసుకుంటుంది.

మీవారి అనుమానం తీసిపారేయదగ్గది కాదు. ధరణి అంటే భూమి, పూర్తిగా వేరే మాట. తమిళులు అదే మాటను త అక్షరంతో రాస్తారు కాబట్టి ఇంగ్లీషులో చూస్తే గందరగోళం సహజం. దానికన్నా జాగ్రత్త పడాల్సింది ‘తరుణి’ విషయంలో. ఒక్క కొమ్ము పడితే పడుచుపిల్ల అయిపోతుంది. బాబు పుడితే బళ్ళో ఆ కొమ్ము వాడిని ఏడిపిస్తుంది.

ఇంగ్లీషు స్పెల్లింగులో ఏది శాస్త్రీయం అంటే ఏదీ కాదు. త, ట రెండూ విడివిడిగా రాయడానికి ఆ లిపిలో అక్షరాలు లేవు, ణ అసలే లేదు. ఉత్తరాదివాళ్ళు ‘త’కు టీ ఒక్కటే రాసి, హెచ్ కలిపితే ‘థ’ అని చదువుతారు. మనవాళ్ళు ‘ట’కు టీ, ‘త’కు టీ హెచ్ వాడతారు. లత, స్వాతి, జ్యోతి అన్న పేర్లు ఇక్కడ ఎక్కువమంది అలాగే రాస్తున్నారు. మీ బిడ్డ పేరు మొదట పిలవబోయేది ఇక్కడి టీచర్లే కాబట్టి హెచ్ ఉంచమంటాను. లేకపోతే టరణి అని పిలుస్తారు. చివర ఒక్క ఐ చాలు. రెండు ఈలు పెడితే లేని దీర్ఘం వస్తుంది, పైగా కనబడ్డ ప్రతి కౌంటర్ దగ్గరా ఆ పిల్లో పిల్లాడో స్పెల్లింగు విడమరిచి చెప్పుకోవాలి. అక్షరాల లెక్క కోసం పసివాళ్ళ మీద ఆ బరువు పెట్టకండి.

ఒకవేళ ఇంట్లో ఒప్పుకోకపోతే తేజ చూడండి. సంస్కృతంలో తేజస్సు నపుంసకలింగం కాబట్టి ఎవరికైనా నప్పుతుంది. అచ్చతెలుగులో కావాలంటే వేకువ, చిగురు ఉన్నాయి. వేకువ అని పిలవడానికి ఎంత బాగుంటుందో ఒకసారి పైకి అని చూడండి.

తొందరేమీ లేదు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ పేరు అప్పుడే ఇవ్వాలని లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. బారసాల నాడు బియ్యంలో రాశాక నింపినా సరిపోతుంది. అయితే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడి నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టినతేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పడ్డ అక్షరాలే అన్నిచోట్లకీ వెళ్తాయి. కాబట్టి దరఖాస్తులో పేరు తెలుగులో మీరే స్పష్టంగా రాయండి, ఇంగ్లీషు దాని కింద రాయండి. హెచ్ చూసి కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు ‘థరణి’ అని కొట్టే ప్రమాదం ఉంది, ఆ మాటకు అర్థమే లేదు. పత్రం అచ్చయ్యేలోపే తలకట్టుతో ‘త’, తర్వాత ‘ర’కు కొమ్ము లేకుండా, చివర ‘ణి’ ఉన్నాయో లేదో చూసుకోండి.