పళ్ళు పోయినా ఒట్టి తునకలు కావాలంటే

మీ ప్రశ్నకు జవాబు
ఆస్పత్రి వంటశాలలో డైటీషియన్‌గా చేసి రిటైరైన మా శీర్షికా రచయిత్రి సమాధానాలు

ప్రశ్న: మా మామయ్యకు 78 ఏళ్ళు. కట్టుడు పళ్ళు, బీపీ మాత్ర. ఎండాకాలంలో మా అత్తమ్మ పెట్టే ఒట్టి తునకలంటే (ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం ముక్కలు) ఆయనకు ప్రాణం. చింతచిగురేసి వండిపెడితే ముక్కను నోట్లో తిప్పి తిప్పి, నమలలేక కంచం పక్కన పెడుతున్నారు. పట్టుబట్టి మింగిన రోజు రాత్రంతా కడుపు బరువంటారు. మా ఆయనేమో హైదరాబాద్ నుంచి చికెన్ సాసేజీలు తెచ్చి, "మెత్తగా ఉంటయి, ఇవే పెట్టు" అంటున్నారు. ఏది పెట్టమంటారు?
– ఒక కోడలు, సిద్దిపేట

జవాబు: ముందు మీ ఆయన మాట తేల్చేద్దాం. సాసేజీ మెత్తనే, కాదనను. కానీ అదీ ఒట్టి తునకల లాగా ఉప్పేసి నిలవచేసిన మాంసమే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఇలాంటి మాంసాలన్నిటినీ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. పది రోజులకోసారి ఇష్టపడి నాలుగు ముక్కలు తినే 78 ఏళ్ళ మనిషిని ఈ లెక్క చెప్పి నేను భయపెట్టను. మెత్తగా ఉన్నాయి కదా అని రోజూ పొద్దున సాసేజీలు వేయించి పెడతామంటే మాత్రం వద్దంటాను. ఆయన అడిగింది ఒట్టి తునకలు. అవే పెడదాం, తినగలిగేలా.

పచ్చి మాంసంలో ముప్పావు వంతు నీళ్ళే. కిలో మాంసం ఎండేసరికి పావుకిలో, మహా అయితే ఇంకాస్త మిగులుతుంది. మీ అత్తమ్మ కిలోకు పట్టించిన ఉప్పంతా ఆ కాస్తలోకి చేరుతుంది. పైగా దండేనికి వేలాడాలి కాబట్టి ముక్కను నార వెంబడి పొడుగ్గా కోస్తాం. వండినా ఆ నార అలాగే ఉంటుంది. కట్టుడు పళ్ళతో దాన్ని నమలడమంటే తాడు నమిలినట్టే.

కడుపు బరువుకూ కారణం అక్కడే ఉంది. మాంసం ముక్క దాదాపు 2 మిల్లీమీటర్ల లోపు రేణువులయ్యేదాకా జీర్ణాశయం దాన్ని పేగుల్లోకి వదలదు. నోట్లో జరగని పనంతా కడుపు మీద పడుతుంది. నెదర్లాండ్స్‌లో వయసు మళ్ళిన మగవాళ్ళకు ఒకే బరువు గొడ్డు మాంసాన్ని కైమాగానూ ముక్కగానూ పెట్టి చూశారు. కైమా తిన్నప్పుడు ప్రోటీన్ త్వరగా రక్తంలోకి చేరింది. కాబట్టి మీరు వంటింట్లో ఎంత నలిపితే ఆయన కడుపుకు అంత పని తగ్గుతుంది.

ఇక చేసే పద్ధతి. మనిషికి 25, 30 గ్రాముల ఒట్టి తునకలు చాలు. వేడినీళ్ళలో దుమ్ము పోయేలా కడిగి, గోరువెచ్చని నీళ్ళలో గంట నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. రుచి పోతుందని మీ అత్తమ్మ అభ్యంతరం చెప్పొచ్చు. పోయేదాంట్లో ఎక్కువ ఉప్పే అని చెప్పండి. మళ్ళీ మంచినీళ్ళు పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. గట్టు మీద వదిలేయొద్దు, నీళ్ళు తాగిన ఎండు మాంసం పచ్చి మాంసం లాగే పాడవుతుంది. పొద్దున ఆ నీళ్ళూ పారబోసి, ముక్కను నారకు అడ్డంగా చిన్నగా కోయండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కత్తి పదునుగా ఉంటే ఐదు నిమిషాల పని.

తర్వాత అల్లం వెల్లుల్లి, పసుపు, ముక్కలు బాగా మునిగేన్ని నీళ్ళు పోసి కుక్కర్ పెట్టండి. ఉప్పు ఇప్పుడే వద్దు, చివర్లో రుచి చూసి వేయండి. చాలాసార్లు అవసరమే పడదు. ఒక విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి 40 నిమిషాలు ఉంచండి. ఆవిరి దానంతటదే దిగాలి. కండల మధ్య గట్టి పొరలు జిగురుగా కరగడానికి వేడితో పాటు నీళ్ళు, టైము కూడా కావాలి. పెద్ద మంట మీద టకటకా ఆరు విజిళ్ళు వేయిస్తే ఆ టైము దొరకదు.

దించాక ఒక ముక్కను ఫోర్కుతో నొక్కి చూడండి. మీ బొటనవేలి గోరు తెల్లబడేంత ఒత్తిడికి ముక్క చితికిపోయి, ఫోర్కు తీశాక మళ్ళీ పైకి లేవకుండా ఉంటే ఉడికినట్టు. మింగడం కష్టమైనవాళ్ళ తిండిని పరీక్షించడానికి ప్రపంచమంతా వాడే పద్ధతే ఇది. మెత్తగా ఉన్నా నమిలి తినే ముక్క ఒకటిన్నర సెంటీమీటరు దాటకూడదు. నమలడమే కష్టమైతే ఫోర్కు పళ్ళ మధ్య సందులో పట్టేంత, అంటే 4 మిల్లీమీటర్ల వెడల్పుకు నలగాలి. మీ మామయ్యకు నేనైతే రెండోదే చేస్తాను. రోట్లో వేసి నాలుగు పోట్లు వేయండి, లేదంటే మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మన పాతకాలం వాళ్ళు నిప్పుల మీద కాల్చిన తునకలను దంచి తినేవారు కదా, పళ్ళు లేనివాళ్ళ సంగతి వాళ్ళకూ తెలుసు.

దంచిన దాన్ని వేపుడు చేయకండి. నూనెలో నీరంతా పోయి మళ్ళీ పీచవుతుంది. ఉడికిన రసంలోనే పెసరపప్పు మెత్తగా కలిపి, చింతచిగురు వేసి, కూర జారుగా దించండి. మెత్తగా ఉడికిన అన్నంలోనో జొన్న గట్కలోనో కలిపి మధ్యాహ్నం పెట్టండి. రాత్రి తిని వెంటనే పడుకుంటే ఎంత మెత్తటి కూరైనా బరువే.

తినేటప్పుడు దగ్గు వస్తోందా, తిన్నాక గొంతు నీళ్ళు నిండినట్టు గరగరలాడుతోందా గమనించండి. ఉంటే అది పళ్ళ సమస్య కాదు, మింగడంలో సమస్య. డాక్టరుకు చూపించే దాకా మాంసం ఆపండి. కట్టుడు పళ్ళు వదులయ్యాయేమో అదీ చూపించండి.

ఒట్టి తునకలు సరదాకే. ఒంట్లో కండ నిలవాలంటే పెద్ద వయసులో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి, కిడ్నీ జబ్బుంటే లెక్క వేరు. అది గుడ్డు, పప్పు, పెరుగు, చేప, మెత్తటి కైమాలతో రోజూ రావాలి.

ప్రశ్న: అమ్మ ఆరు నెలలకని మా దగ్గరికి వచ్చింది. 70 దాటింది. మేము ఆఫీసుకు వెళ్ళాక తినడానికి వీలుగా డెలీ టర్కీ (ముందే వండి, పలచగా కోసి అమ్మే టర్కీ కోడి మాంసం), సాసేజీ కొని ఫ్రిజ్‌లో పెడుతున్నాం. పొడిగా ఉంది, గొంతు దిగట్లేదు అంటోంది.
– అట్లాంటా నుంచి ఒక కొడుకు

జవాబు: బాబూ, పొడి సంగతి తర్వాత. డెలీ మాంసాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా తినడం మీ అమ్మ వయసుకు మంచిది కాదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. 65 దాటినవాళ్ళు దాన్ని 165 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా, అంటే పొగలు కక్కేలా వేడిచేసి తినాలని మీ దగ్గరి సీడీసీయే (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) చెబుతుంది. మైక్రోవేవ్‌లో ఉత్తగా పెడితే ఇంకా అట్టకడుతుంది. సన్నగా తరిగి, ఉప్పు లేని చికెన్ బ్రాత్‌లో మరిగిస్తే వేడికి వేడి, తడికి తడి.

సాసేజీని చక్రాల్లా కోయొద్దు. గుండ్రటి జారుడు ముక్క గొంతుకు సరిగ్గా అడ్డం పడుతుంది. పైతోలు తీసి, నిలువుగా చీల్చి, ఆ తర్వాత చిన్నగా కోసి పులుసులో వేయండి. 'అన్‌క్యూర్డ్', అంటే నిలవకు నైట్రైట్ అనే రసాయనం విడిగా కలపలేదన్న లేబుల్ చూసి మురిసిపోకండి. అందులో సెలెరీ పొడి వేస్తారు, నైట్రైట్ దాంట్లోంచీ వస్తుంది.

నన్నడిగితే ఆదివారం స్లో కుక్కర్‌లో ఎముక తీసిన చికెన్ థైస్ వేసి, విడిపోయేదాకా ఉడికించి, సన్నగా తరిగి రసంతో సహా చిన్న డబ్బాల్లో ఫ్రీజ్ చేయండి. బ్రెస్ట్ వద్దు, అది ఎలా వండినా పొడే. మీ అమ్మకు ఆ మైక్రోవేవ్ బటన్లు ఒకసారి చూపించి వెళ్ళండి.

ప్రశ్న: మటన్ మెత్తబడటానికి పచ్చి బొప్పాయి, వంటసోడా, కొబ్బరి చిప్ప ముక్క అని తలా ఒకటి చెబుతున్నారు. ఇంట్లో ఇద్దరూ 75 దాటినవాళ్ళం.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పచ్చి బొప్పాయి నిజంగా పనిచేస్తుంది. దాని పాలలోని పపైన్ మాంసం ప్రోటీన్‌ను కోస్తుంది. అరకిలోకు తొక్కతో నూరిన ముద్ద ఒక టీస్పూను, అరగంట చాలు. రాత్రంతా ఉంచితే పైపొర పిండైపోయి లోపల గట్టిగానే ఉంటుంది. పండిన బొప్పాయిలో ఆ పాలు దాదాపు ఉండవు. రబ్బరు పాలు పడని వాళ్ళకు ఇదీ పడకపోవచ్చు.

వంటసోడా కూడా మెత్తబరుస్తుంది కానీ సోడియం పెరుగుతుంది, బీపీ ఉంటే వదిలేయండి. బజారులో మీట్ టెండరైజర్ పొడి కొంటే వెనక చదవండి, చాలావాటిలో మొదటి పేరు ఉప్పే.

కొబ్బరి చిప్ప వల్ల ముక్క మెత్తబడటం నేనైతే చూడలేదు. అంతసేపు ఉడికిస్తే అది లేకున్నా ఉడుకుతుంది. వేయాలనిపిస్తే వేయండి, కానీ వడ్డించే ముందు లెక్కపెట్టి తీసేయండి. మసాలాలో మునిగిన చిప్ప ముక్క అచ్చం మటన్ ముక్కలాగే కనిపిస్తుంది.