రెంటచింతల పిల్లకి సియెనా ఎండ గురించి

చిరంజీవి అమ్ములుకి, మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. పరీక్షలయ్యాక జులైలో బొలోన్యా నుంచి సియెనా వెళ్లి, సైకిల్ అద్దెకి తీసుకుని ఆ పల్లెటూళ్ల వైపు ఒకరోజు తిరిగొస్తానన్నావు. సంతోషం. చివర్లో "రెంటచింతల పిల్లని మావయ్యా, ఇటలీ ఎండ నాకో లెక్కా" అని రాశావు చూడు, ఈ ఉత్తరం దానికోసమే.

టీకాల ల్యాబులో పనిచేస్తూ సియెనాలో ఉన్నప్పుడు, మొదటి వేసవిలో నేనూ సరిగ్గా అదే అనుకున్నాను. ఒక్క బాటిల్ నీళ్లతో బయల్దేరి, ఆషానో అనే ఊరి దగ్గర మోంతే సాంతే మరియే అనే తెల్ల మట్టిరోడ్డు మీదకి మిట్టమధ్యాహ్నం ఎక్కాను. పదకొండున్నర కిలోమీటర్లు, ఎక్కడం దిగడం, మళ్లీ ఎక్కడం. చెట్టు లేదు, షాపు లేదు. అక్కడి పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. ముందు పిక్కలు పట్టేశాయి. ఆ తర్వాత అంత ఎండలో ఒళ్లంతా గగుర్పొడిచి చలేసింది. ఒక రైతు తన ట్రక్కులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లమ్మ మెడ మీద తడిగుడ్డ వేసి, నీళ్లు కొద్దికొద్దిగా తాగిస్తూ, "ఈ వేళప్పుడు కుక్కలు కూడా బయటికి రావు" అని తిడుతూనే ఉంది.

అప్పుడు తెలిసింది. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం రోడ్డు మీద ఎవరుంటారు చెప్పు? మనం నేర్చుకున్నది ఎండలోంచి తప్పుకోవడం. ఆ తెలివిని ఇంట్లో వదిలేసి నేను సైకిలెక్కాను. నీకు చలేసినా, తల తిరిగినా, కడుపులో తిప్పినా దిగి నీడకి వెళ్లిపో. నిమిషాల్లో తగ్గకపోతే 112కి ఫోన్ చెయ్యి. మొహమాటపడకు.

దారి నేను చెప్తాను. సియెనా నుంచి లౌరెతానా రోడ్డు మీద ఆషానో, పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అక్కణ్ణుంచి మోంతే ఓలివేతో మజ్జోరే మఠం, తర్వాత దిగువకి బ్వొన్‌కొన్వెంతో అనే ఊరు. అక్కడ రైలెక్కి సియెనా వచ్చెయ్. మొత్తం నలభై అయిదు కిలోమీటర్లకి అటూ ఇటూ. "ఇంతేనా" అనకు, అవి విజయవాడ కాలవగట్టు మీద కిలోమీటర్లు కావు. గేర్లున్న సైకిలే తీసుకో, వెనక పెద్ద పళ్లచక్రం ఉందో లేదో చూసి మరీ. టైర్లు కాస్త వెడల్పువి అడుగు.

ఇంకోటి. మన సైకిళ్లకి ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది, అక్కడ ఎక్కువగా ఎడమచేతికి. షాపు ముందే రెండూ నొక్కి చూసుకో. కంకర దిగుడులో గాభరాపడి ముందు బ్రేకు పట్టేస్తే సైకిల్ మీదనుంచి ఎగిరి పడతావు. మీ అత్తయ్య ముంజేతి మీద మచ్చ అలా వచ్చిందే.

పొద్దున్న అయిదున్నరకల్లా రోడ్డెక్కాలి. జులైలో అప్పటికే వెలుతురొచ్చేస్తుంది. చీకటుండగానే వెళ్తే మెరిసే జాకెట్ వేసుకోవాలి, ఊరి బయట రాత్రిపూట అది అక్కడ చట్టం. ఎనిమిదిన్నరకి ఆషానోలో ఉంటే బాగా వెళ్తున్నట్టే. బార్‌లో (అక్కడ కాఫీ హోటల్నే అలా అంటారు) నిలబడే కాఫీ తాగు, కూర్చుంటే రేటు పెరగొచ్చు. మధ్యాహ్నానికి కావలసినవన్నీ అక్కడే కొనేసుకో. ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆ ఊళ్లల్లో తలుపు తీసే షాపు దొరకదు. ఆగస్టు 15 చుట్టుపక్కలైతే అసలు వెళ్లనే వద్దు, ఇటలీ మొత్తం సెలవులో ఉంటుంది.

నీళ్లు కనీసం రెండు పెద్ద బాటిళ్లు, కుళాయి కనబడిన ప్రతిచోటా నింపుకోవడమే. "పొతాబిలే" అని ఉంటే తాగు, ముందు "నోన్" అని ఉంటే నెత్తిన పోసుకో. శ్మశానాల గేటు దగ్గర పూలకోసం కుళాయి ఉంటుంది, భయపడకుండా లోపలికి వెళ్లి బోర్డు చూడు. ఉప్పు సంగతి మర్చిపోకు. సియెనా ఉన్న టస్కనీ ప్రాంతంలో రొట్టెలో ఉప్పు వెయ్యరు, ఒట్టి రొట్టె తిని చెమటోడిస్తే చాలదు. మజ్జిగ దొరకదు కాబట్టి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకో. పెకొరీనో అని గొర్రెపాల చీజ్ ఉంటుంది, ఉప్పగా బాగుంటుంది. పాన్జనెల్లా దొరికితే వదలకు. ఎండిపోయిన రొట్టెని నీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, టమాటా, ఉల్లిపాయ, తులసిలాంటి ఆకు, ఆలివ్ నూనె కలుపుతారు. మన చద్దన్నం, ఉల్లిపాయ గుర్తొస్తాయి.

పదకొండుకల్లా మఠం చేరిపో, మధ్యాహ్నం మూసేస్తారు. 1313లో మొదలైన చోటది. లోపలి వరండా గోడల నిండా సెయింట్ బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి కథ, సిన్యొరెల్లి, సొదోమా అనే పాతకాలం చిత్రకారులు వేసిన బొమ్మలు. ఒకదాంట్లో సొదోమా తన బొమ్మే గీసుకున్నాడు, కాళ్ల దగ్గర పెంపుడు బ్యాడ్జర్లతో (బొరియల్లో ఉండే, మొహమ్మీద చారలున్న జంతువులు) సహా. నాకు అక్కడున్నవాటిలో అదే ఇష్టం. భుజాలు కప్పుకోవాలి, ఒక కాటన్ చున్నీ తీసుకెళ్లు, తర్వాత తడిపి మెడకి చుట్టుకోవచ్చు. తొక్కేటప్పుడు మాత్రం కొసలు చక్రంలో పడకుండా దోపుకో. బయట చెట్లకింద నాలుగున్నర దాకా పడుకో. ఇది సలహా కాదు, ఆర్డరు.

మబ్బు పడితే మట్టిరోడ్డు జోలికి పోకు. అక్కడి బూడిదరంగు బంకమట్టి తడిస్తే మన నల్లరేగడిలాగే, చక్రం తిరగనివ్వదు.

గొర్రెల మందల దగ్గర తెల్లటి పెద్ద కుక్కలుంటాయి. తొక్కుకుంటూ పారిపోవాలని చూడకు. దిగి, సైకిల్‌ని నీకూ వాటికీ మధ్య అడ్డం పెట్టుకుని, నెమ్మదిగా నడిచి వెళ్లు. మంద దాటగానే వాటికి నీతో పని ఉండదు.

బ్వొన్‌కొన్వెంతోలో ఆగే రైళ్లు తక్కువ, ఆదివారమైతే ఇంకా తక్కువ. టైము ముందురోజే చూసుకో. సైకిల్ బొమ్మ ఉన్న పెట్టెలో ఎక్కాలి, సైకిల్‌కి వేరే టికెట్ ఉంటుంది.

రైలెక్కాక ఒక ఫోటో పెట్టు. మీ అమ్మకి కూడా పంపు గానీ, ఆ కుక్కల సంగతి మాత్రం చెప్పకు.

ఇట్లు,
మావయ్య