చీపురు ఎక్కడికీ పోలేదు

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. ఇక అసలు సంగతి.

అమెరికా నల్లజాతి కళాకారిణి బెటీ సార్ 1972లో చేసిన ‘ది లిబరేషన్ ఆఫ్ ఆంట్ జెమైమా’ అనే కళాకృతి గురించి రాస్తూ "చీపురు విసిరికొట్టి తుపాకీ పట్టిన నల్లజాతి స్త్రీ" అన్నావు. ఫొటో ముందు పెట్టుకుని మళ్లీ చూడు తల్లీ. చీపురు ఎక్కడికీ పోలేదు. ఒక చేతిలో అది ఉండగానే రెండో చేతికి తుపాకీ ఇచ్చిందావిడ. చాకిరీ చేస్తున్న మనిషే తిరగబడుతోంది. నీ నినాదానికి చీపురు అడ్డొచ్చింది, నువ్వు పారేశావు.

అడుగు ఎత్తు కూడా ఉండని పెట్టె అది. వంటింట్లో చీటీలు రాసుకునే కాగితాలు పట్టి ఉంచే బొమ్మను తెచ్చి, ఆ కాగితాలుండే చోట బిడ్డనెత్తుకున్న ఆయా బొమ్మ అతికించింది. దాని ముందు బిగించిన నల్ల పిడికిలి. కాళ్ల కింద పత్తి. వెనక గోడంతా ‘ఆంట్ జెమైమా’ పాన్‌కేక్ పిండి డబ్బా మీది నవ్వు మొహాలే, వరసగా. వీటికి నువ్విచ్చింది ఒక్క లైను. ‘అస్తిత్వం’ మాత్రం పేజీకి నాలుగు చోట్ల!

ఈ జబ్బు నీ ఒక్కదానిదే కాదులే. మా రోజుల్లో ఓ వారపత్రిక సంపాదకుడు నా కథలో మరచెంబు సొట్ట మీద రాసిన పేరా కొట్టేసి, ‘సామాజిక స్పృహ’ పెంచి పంపమన్నాడు. పెంచలేదు, కథ తిరిగొచ్చింది. తాతయ్య విసిరితే అమ్మమ్మకి తగలకుండా గోడకి తగిలి పడ్డ సొట్ట అది. అంతకంటే స్పృహ ఏముంటుందో ఆ మహానుభావుడికే తెలియాలి. ఇప్పుడు సభల్లో నాకు శాలువాలు కప్పుతుంటాడు.

ఆ నవ్వు మొహం వెనక మనిషి కూడా ఉంది. నాన్సీ గ్రీన్. కెంటకీలో బానిసగా పుట్టింది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ వేషం కట్టి, జనానికి పాన్‌కేకులు వేసి పెట్టింది. ఆమె పేరు నీ వ్యాసంలో లేనే లేదు. 1968లో నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక బెటీ సార్ కోపం పట్టలేకపోయింది. పాత సామాన్ల సంతల్లో ఏరిన ఇలాంటి బొమ్మలతోనే ఆ కోపం చూపించింది. కొత్త బొమ్మ చెక్కలేదు, గమనించు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. అది తర్వాత.

నీ వ్యాసంలో ప్రాణమున్న వాక్యాన్ని ఆరో పేజీలో బ్రాకెట్లో దాచావు: డాలస్‌లో మీ పిన్ని ఆ డబ్బాలో పిండి దోసె పెనం మీదే వేసేదని. దాన్ని ముందుకు తీసుకురా. 2021లో ఆ డబ్బా పేరే మార్చేశారు, ‘పర్ల్ మిల్లింగ్ కంపెనీ’ అని. మొహమూ పోయింది. పిన్ని గమనించిందో లేదో ఫోన్ చేసి అడుగు. ముందే నీ అభిప్రాయం చెప్పి ఆవిడ నోట నినాదాలు పలికించకు. "ఏం బొమ్మే? నాకు గుర్తే లేదు" అందా, అలాగే రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు