గెలిచేదెవరు? ఓటరునే అడిగితే...

ప్రశ్న: అమెరికా అధ్యక్ష ఎన్నికల సర్వేల్లో ‘మీ ఓటెవరికి?’ అని ఒక ప్రశ్న, ‘ఎవరు గెలుస్తారనుకుంటున్నారు?’ అని ఇంకో ప్రశ్న ఉంటాయి. ఒక్కోసారి రెండింట్లో వేర్వేరు పేర్లు ముందుంటాయి. దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండోదాన్నే. వినడానికి విడ్డూరంగా ఉన్నా లెక్కలు అటే మొగ్గుతున్నాయి. డేవిడ్ రోత్‌చైల్డ్, జస్టిన్ వుల్ఫర్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పాత ఎన్నికల సర్వేలను రాష్ట్రాలవారీగా తిరగేశారు. ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరు విజేతలను చూపిన సందర్భాలు 77 దొరికితే, అందులో 60 సార్లు ‘ఎవరు గెలుస్తారు’ అన్నదే నిజమైంది.

‘మీ ఓటెవరికి’ అంటే ఒక్క ఓటు సంగతే తెలుస్తుంది. ‘ఎవరు గెలుస్తారు’ అంటే ఆ మనిషి ఇంట్లోవాళ్ల మాట, పక్కింటివాళ్ల మాట, కిందటిసారి అటుండి ఈసారి ఇటు తిరిగిన బావమరిది సంగతి అన్నీ కలుపుకుని చెబుతాడు. వెయ్యిమందిని అడిగినా కొన్ని వేలమంది గాలి ఎటుందో అందులో చేరిపోతుంది. తన ఓటు బయటపెట్టడానికి మొహమాటపడేవాళ్లు, ఇంకా ఎటూ తేల్చుకోనివాళ్లు కూడా దీనికి జవాబిస్తారు.

అయితే ఈ ప్రశ్న బోల్తా కొట్టిన ఏడాది కూడా ఉంది. 2016లో హిల్లరీ క్లింటన్ గెలుస్తారన్నవాళ్లే ఎక్కువ. గెలిచింది డొనాల్డ్ ట్రంప్. జనం తమ వాడకట్టును చూసి కాకుండా టీవీలో చూపించే సర్వేలను చూసి జవాబిస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు, పాత తప్పే మళ్లీ మన చేతికొస్తుంది. పైగా తన పార్టీయే గెలుస్తుందన్న ఆశ ఎవరికైనా ఉంటుంది. అందుకని మొత్తం శాతం దగ్గర ఆగకండి. సర్వే సంస్థ ఇచ్చే పట్టికల్లో పార్టీలవారీగా విడగొట్టిన అంకెలుంటాయి. సొంత పార్టీ ఓడిపోతుందని ఒప్పుకుంటున్నవాళ్లు ఏ పక్షంలో ఎక్కువో చూడండి. ఆ తర్వాత ఏ పార్టీకీ చెందని ఇండిపెండెంట్లు ఏమంటున్నారో చూడండి. అసలు సమాచారం ఈ రెండు వరసల్లోనే ఉంటుంది.

ప్రశ్న: 33 కోట్లకు పైగా జనాభా ఉన్న దేశంలో వెయ్యిమందిని అడిగి ఫలితం ఎలా చెబుతారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఎంతమందిని అడిగారన్నది రెండో సంగతి, ఎవరిని అడిగారన్నది మొదటిది. 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీకి దిగిన ఆల్ఫ్ లాండన్‌దే గెలుపని ప్రకటించింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌వే. ఆ చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసినవి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో చెప్పక్కర్లేదు. ఓపిగ్గా కార్డు తిప్పి పంపినవాళ్లు కూడా అందరిలాంటి ఓటర్లు కారు. అంతకన్నా చాలా తక్కువమందిని అడిగిన సర్వేల నిపుణుడు జార్జ్ గాలప్ మాత్రం రూజ్‌వెల్ట్ పేరే చెప్పాడు.

సరిగ్గా ఎంచుకుంటే వెయ్యిమందితో తప్పు 3 శాతం అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని సగానికి తగ్గించాలంటే రెండువేలు చాలవు, నాలుగువేలమంది కావాలి. చాలామంది మరచిపోయేదేమిటంటే, ఆ 3 శాతం ఒక్కొక్క అభ్యర్థికీ వర్తిస్తుంది. ఇద్దరి మధ్య తేడాకొచ్చేసరికి అది దాదాపు రెట్టింపు. 48–46 అని వస్తే ‘ముందంజ’ అని శీర్షిక పెట్టేస్తారు గానీ, అది సమానమే.

ఇప్పటి అసలు తలనొప్పి ఫోన్ ఎత్తనివాళ్లు. ప్యూ రిసెర్చ్ సంస్థ ఫోన్ సర్వేలకు 1997లో 36 శాతం మంది జవాబిస్తే 2018 నాటికి అది 6 శాతానికి పడిపోయింది. తక్కువగా దొరికిన వర్గాలకు లెక్కలో బరువు పెంచి సరిచేస్తారు. 2016లో చాలా రాష్ట్రాల సర్వేలు వయసు, జాతి చూశాయి గానీ చదువును పట్టించుకోలేదు. డిగ్రీ చదివినవాళ్లు సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు, వాళ్లలో క్లింటన్ వైపు ఉన్నవాళ్లు ఎక్కువ. 2020లో చదువునూ లెక్కలో కలిపారు. అయినా బైడెన్‌కు అసలుకన్నా ఎక్కువ ఆధిక్యం చూపించి, 40 ఏళ్లలో అతిపెద్ద తప్పు చేశారు. ఒకే వయసు, ఒకే చదువు ఉన్నవాళ్లలోనూ ఫోన్ ఎత్తేవాడూ ఎత్తనివాడూ ఒకేలా ఓటెయ్యకపోతే ఏ బరువులూ పనిచెయ్యవు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. దేశవ్యాప్త సర్వేలో ముందున్నవాళ్లు ఓడిపోవడమేమిటో మావాళ్లకు ఎంత చెప్పినా ఎక్కడం లేదు.
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: అక్కడ అధ్యక్షుణ్ని ఎన్నుకునేది రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టర్లు అనే ప్రతినిధులు. 538 మంది ఎలక్టర్లలో 270 మంది వస్తే గెలుపు. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్నిచోట్లా రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా అక్కడి ఎలక్టర్లంతా ఆ అభ్యర్థికే. కాలిఫోర్నియాలో లక్షల ఓట్ల ఆధిక్యం పేరుకున్నా అదనంగా ఒక్క ఎలక్టరూ రాడు. 2016లో క్లింటన్‌కు దేశం మొత్తం మీద 2.1 శాతం ఎక్కువ ఓట్లొచ్చాయి. కానీ మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాలను మూడూ కలిపి 80 వేలలోపు ఓట్ల తేడాతో పోగొట్టుకున్నారు.

కాబట్టి మీవాళ్లు చూడాల్సినవి ఎటైనా మొగ్గే రాష్ట్రాలు: ఆ మూడూ, వాటితోపాటు జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా. 2024లో ఈ ఏడూ ట్రంప్‌కే దక్కాయి, ఎలక్టర్లు 312–226. అప్పుడు దేశవ్యాప్త తేడా 1.5 శాతమే. ఇంకొక మెలిక: సర్వే విస్కాన్సిన్‌లో తప్పితే మిషిగన్‌లోనూ చాలావరకు అదే వైపు తప్పుతుంది, ఎందుకంటే దొరకని ఓటరు రెండుచోట్లా ఒకేలాంటివాడు. ‘ఏడింట్లో నాలుగైనా మనవి కాకపోతాయా’ అనుకోవడం అందుకే ప్రమాదం.

‘గెలిచే అవకాశం 71 శాతం’ అన్న అంకెను ఓట్ల శాతంతో కలిపేయకండి. 2016లో ఎన్నికల అంచనాలు వేసే వెబ్‌సైట్ ఫైవ్‌థర్టీఎయిట్ క్లింటన్‌కు ఇచ్చింది అదే. అంటే పదిసార్లలో దాదాపు మూడుసార్లు ట్రంప్ అని అందులోనే ఉంది.

ప్రశ్న: ఆన్‌లైన్ పందేల రేట్లు సర్వేలకన్నా నమ్మదగ్గవా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: 2024లో ట్రంప్ అన్నాయి, నిజమైంది. 2016లో క్లింటన్ అన్నాయి. అక్కడ మనిషికొక ఓటు కాదు, డబ్బున్నవాడిదే గొంతు. 2024లో ఒక ఫ్రెంచి వ్యాపారి ఒక్కడే 3 కోట్ల డాలర్లు దాటి కాశాడు.

ప్రశ్న: మన రాష్ట్రపతి ఎన్నికకు ఇలాంటి సర్వేలు ఎందుకు చెయ్యరు?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఓటర్లు ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలే కనుక. పార్టీల బలాలు ముందే తెలుసు. 2022లో ఎంపీ ఓటు విలువ 700, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. కాగితం మీద కూడితే సరిపోతుంది.

అయినా ఒకసారి ఆ కూడికా తప్పింది. రహస్య బ్యాలెట్, విప్ ఉండదు. 1969లో కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమనగానే పార్టీ ఓట్లు రెండుగా చీలాయి. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఆమె మొగ్గు చూపిన స్వతంత్ర అభ్యర్థి వి.వి.గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, మరో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. దేశ్‌ముఖ్ బ్యాలెట్లలోని రెండో ప్రాధాన్యాలు ఎక్కువగా సంజీవరెడ్డికే వెళ్లినా, చివరికి గిరి 4,20,077 – 4,05,427 తేడాతో గట్టెక్కారు. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండానే రాష్ట్రపతి అయ్యారు.